సర్ ఆర్థర్ కాటన్ దొర – గోదావరి నేల

త్ర్యంబకేశ్వరము చెంత పుట్టి, దక్కను పీఠభూమి నంతను దాటి, పాపికొండల నడుమ ఇఱుకుదారిలో ఒదిగి వచ్చు గోదావరి, రాజమహేంద్రవరము గడచిన పిమ్మట ధవళేశ్వరము కడ విశాలముగా పఱచుకొని, అచ్చటినుండి పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయల నడుమనున్న నేల యంతయు నది తెచ్చి పోసినదే. ఏటేట వరదలో కొట్టుకొనివచ్చిన ఒండ్రు వేలయేండ్లు పేరుకొనగా ఏర్పడినది ఈ సీమ. కడియము, వేమగిరి, జేగురుపాడు, వీరవరము, కడియపులంక, పొట్టిలంక, బుఱ్ఱిలంక మున్నగు గ్రామములు ఆ నేలకు తలవైపున నున్నవి. నది యొకనాడు తిరుగాడిన తావులను లంక యను మాట ఊళ్ల పేళ్లలో నేటికిని తెలుపుచున్నది.

ఇట్టి సారవంతమైన సీమలో జనులు ఆకలితో చచ్చిరనిన నేటివారికి నమ్మశక్యము గాదు. కాని పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున జరిగినది అదియే. వాన కురిసిన పంట, కురియకున్న కరువు. నది నిండుగా పాఱుచున్నను ఆ నీరు గట్టుమీది చేనికి ఎక్కదు. ఎక్కిననాడు ఊళ్లనే ముంచును. 1832-33లో వచ్చిన నందన కరువును ప్రజలు డొక్కల కరువని తరతరములు చెప్పుకొనిరి. 1839లో కోరంగి తీరమున పెనుతుపాను విఱుచుకుపడి ఓడలను, ఊళ్లను ఊడ్చివేసెను. దానికి ముందే కుంపిణీవారు ఈ ప్రాంతపు బట్టల వ్యాపారమును విడనాడుటచే ఇంజరము, నీలపల్లి చుట్టుపట్ల సాలెవారి మగ్గములు మూలబడెను. జమీందారీలు బకాయిలలో మునిగి వేలమునకు వచ్చుచుండెను. 1821 ప్రాంతమున ఏడు లక్షలకు పైబడియుండిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య ఇరువది యేండ్లలో ఆఱు లక్షల లోపునకు దిగజాఱెను. ఈ దుఃస్థితికి కారణము విచారింప సర్ హెన్రీ మాంట్‌గోమరీ యను నధికారిని మదరాసు ప్రభుత్వము పంపెను. జిల్లా బాగుపడవలెనన్న నీటిపని తెలిసిన ఇంజనీరును నియమింపవలెనని ఆయన నివేదించెను. ఆ పనికి ఏర్పడినవాడు ఆర్థర్ కాటన్.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదునొకండుగురు కుమారులలో ఆర్థర్ పదియవవాడు. కుంపిణీవారి యాడిస్‌కంబి సైనిక విద్యాలయమున చదివి, పదునాఱవ యేటనే మదరాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో మదరాసునకు వచ్చెను. 1824లో మొదలైన బర్మా యుద్ధమున పాల్గొనెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన జీవితము కత్తినుండి పాఱకు మరలినది. అటుపై దాదాపు డెబ్బదియేండ్లు ఆయన తలపోసినవి నీరు, నేల యను రెండే.

ఆయనకు గురుకులము కావేరి. శ్రీరంగమునకు ఎగువను కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయ యగు కొల్లడము పల్లముగా, సూటిగా పోవుటచే నీరంతయు దానిలోనికే జాఱిపోవుచు, తంజావూరు సీమకు పోవు పాయ ఇసుకతో పూడిపోవుచుండెను. కాలువలు ఎండి సాగు క్షీణింపసాగెను. కాటన్ ప్రతిపాదనపై కొల్లడము మీద రెండు ఆనకట్టలు కట్టి 1836 నాటికి ముగించిరి. తంజావూరు తిరిగి పచ్చబడెను. అయితే ఆ విజయము వెంటనే యొక పాఠమును చెప్పినది. ఇప్పుడు కావేరి పాయలోనికి నీరు మిక్కుటముగా వచ్చి దాని యడుగు కోసుకొనిపోవుట కనబడెను. కొలది యేండ్లకే ఆ పాయకు అడ్డముగా మఱియొక గట్టు కట్టి నీటిని మితపఱపవలసి వచ్చెను. నదిని ఒకచోట తాకినచో మఱియొకచోట అది బదులు చెప్పునని ఇంజనీర్లకు తెలిసినది ఇట్లు.

కావేరి నేర్పిన రెండవ విద్య అంతకంటె ముఖ్యమైనది. తిరుచిరాపల్లి చెంత చోళరాజుల నాటిదని చెప్పబడు కల్లణై, అనగా రాతి ఆనకట్ట, వందలయేండ్ల వరదలకు చలింపక నిలిచియుండెను. దాని క్రింద రాతినేల లేదు. ఉన్నది ఉత్త యిసుక. ఐరోపా శాస్త్రము చదివిన ఇంజనీర్లు ఇసుకపై ఇంత బరువైన కట్టడము నిలువదనుకొనుచుండిరి. కాటన్ దానిని తవ్వించి పరిశీలించెను. పూర్వులు పెద్దఱాళ్లను ఇసుకలో పడవేసి, అవి క్రుంగినకొలది మీద మఱికొన్ని వేసి, ఇక క్రుంగుట ఆగినపిదప పైకట్టడము లేపిరని గ్రహించెను. తనకు ఈ విద్య నేర్పినవారు పేరు తెలియని ఆ దేశీయ శిల్పులేనని ఆయన తర్వాతికాలమున దాపఱికము లేక చెప్పుకొనెను. పరిపాలకుల వర్గమున పుట్టినవాడు పరిపాలితులకు ఇట్లు ఋణము ఒప్పుకొనుట ఆ దినములలో అరుదు. ధవళేశ్వరము కడ గోదావరి గర్భమున నున్నదియు ఇసుకయే గనుక ఈ విద్య లేనిదే ఇచ్చటి ఆనకట్ట లేదు.

ఎండదెబ్బ, జ్వరములు ఆయన దేహమును తొలినుండియు వెన్నాడెను. ఆరోగ్యము కొఱకు ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, 1841లో టాస్మానియా ద్వీపమున ఎలిజబెత్ లెర్మంత్ కన్యను వివాహమాడెను. తిరిగివచ్చి విశాఖపట్నమున కొంతకాలముండి, అచ్చట సముద్రము ఒడ్డును కోయకుండ అడ్డుకట్టలు వేయించెను. అచ్చటినుండి గోదావరికి వచ్చెను.

1844లో ఆయన ఈ సీమను గుఱ్ఱముపైనను, పడవపైనను, కాలినడకను తిరిగి చూచెను. చూచినది నదిని మాత్రమే కాదు, నేల వాలును. గోదావరి తన గట్లమీదనే ఎక్కువ ఒండ్రును వదలును గనుక పాయల ఒడ్డులు ఎత్తుగాను, వాని నడుమ నేల పల్లముగాను ఉండును. సముద్రమువైపు వాలు మైలునకు సుమారు ఒక అడుగు. కాబట్టి నీటిని ధవళేశ్వరము కడ కొన్ని యడుగులు ఎత్తి, ఆ యెత్తైన గట్లవెంబడి కాలువలను నడపినచో, అది తన బరువుతో తానే ఇరుప్రక్కల పొలములకు దిగును. మిగిలిన మురుగు నడిమి పల్లములగుండ సముద్రమునకు పోవును. నది వేలయేండ్లు శ్రమించి దిద్దిన రూపమునే అనుసరించుట తప్ప కాటన్ క్రొత్తగా కల్పించినదేమియు లేదని చెప్పవచ్చును. ఆయన గొప్పతనము అందులోనే యున్నది.

వరదనీటిలోని మడ్డిని గూర్చియు ఆయనకు నిశ్చితమైన అభిప్రాయముండెను. వాననీరు పైరును తడుపును. నదినీరు తడుపుటయే గాక ఎరువు వేయును. పంట నేలనుండి తీసికొనిన సారమును వరదనీరు ఏటేట కొంత తిరిగి చేర్చును. కనుక నదినీటితో పండు నేల దున్నినకొలది చెడదనియు, వానపై ఆధారపడిన మెట్టనేలకు ఆ భాగ్యము లేదనియు ఆయన వాదించెను. లంకలలో పొగాకు పండించు రైతునకు ఇది క్రొత్తమాట గాదు. వరద తీసినపిదప క్రొత్త ఒండ్రుపై పండిన లంకపొగాకుతో చుట్టిన చుట్టలు లండను నగరమువఱకు పేరుపొందినవి. రైతు అనుభవముచే ఎఱిగినదానిని కాటన్ ప్రభుత్వము ముందు లెక్కకట్టి చూపెను.

ఆ లెక్క లేక పని జరుగునది కాదు. కుంపిణీ యనగా వర్తకుల సంఘము. దానికి దయకంటె ఆదాయము చెవికెక్కును. అందుచే కాటన్ తన నివేదికలలో తంజావూరును, రాజమహేంద్రవరమును పోల్చెను. నీరు క్రమముగా అందు తంజావూరు శిస్తు స్థిరముగా పెరుగుచుండ, అంతకు మించిన నీరున్న గోదావరి సీమ శిస్తు ఏల పడిపోవుచున్నదని ప్రశ్నించెను. ఆనకట్టకు పెట్టిన ధనము కొలది యేండ్లలో తిరిగివచ్చునని అంకెలతో చూపెను. కరువులో చచ్చినవారిని గూర్చిన ఆవేదనయు ఆ నివేదికలలో ఉన్నది. కాని ఆమోదము తెచ్చినది అంకెలే. 1846 చివర లండనులోని డైరెక్టర్లు అనుమతి నిచ్చిరి.

1847లో ధవళేశ్వరము కడ పని మొదలయ్యెను. అచ్చట నది, నడిమి లంకలతో గూడ, నాలుగు మైళ్ల వెడల్పు. ఆ లంకలను కలుపుకొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను తలపెట్టిరి. కట్టడము పొడవు మొత్తము పదునొకండువేల ఎనిమిదివందల యడుగులకు పైబడినది; ఎత్తు పండ్రెండడుగులు. ధవళేశ్వరపు కొండ ఒడ్డుననే యుండుట గొప్ప సౌకర్యమైనది. దానిని తొలిచి, ఇనుప పట్టాలపై బండ్లు నడపి, రాతిని ఏటికి చేర్చిరి. కలప ఎగువ అడవులనుండి ఏటివెంట దిగివచ్చెను. ఇసుకలో బావులు దింపి, వానిపై గోడ లేపి, దాని వెనుక పెద్దఱాళ్లను వాలుగా పేర్చిరి. పని ముమ్మరమైన దినములలో పదివేలమంది కూలీలు పనిచేసిరని చెప్పుదురు. వారి పేళ్లు ఏ పుస్తకమునను లేవు. వారిని కూర్చి, తీర్చి, పనిలో నిలిపినవారిలో ఒక్కని పేరు మాత్రము నిలిచినది. ఆయన వీణెం వీరన్న. ఆంగ్ల ఇంజనీరుకు నది లోతు తెలిసినచో వీరన్నకు మనుష్యులు తెలియును; రాయి, సున్నము, కలప ఎచ్చట దొరకునో తెలియును. దొర తనవారిలో మిక్కిలి నమ్మినది ఆయననేయని ప్రసిద్ధి. ప్రభుత్వము వీరన్నకు రాయబహదూరు బిరుదు నిచ్చెను.

నడుమ వరదలు వచ్చి, కట్టినదానిని పరీక్షించెను. వేసవి నెలలలో మాత్రమే పని సాగును. తొలకరి వచ్చునప్పటికి ఆ యేటి భాగము గట్టిపడియుండవలెను. కాటన్ ఎండలో నిలిచి పనిచేయించి మరల జబ్బుపడెను. 1848లో ఆయన ఆస్ట్రేలియాకు పోగా కాప్టెన్ ఆర్ భారము వహించెను. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. కాప్టెన్ ఆర్ అటుపై బెజవాడ కడ కృష్ణకు ఆనకట్ట కట్టించెను. పడమటి పాయల నడుమనున్న నగరము దీవికి నీరందింప గన్నవరము కడ వైనతేయముపై నలుబదితొమ్మిది కమానులతో కాలువనే వంతెనగా నడిపించిన యువకుడు హేగ్ దొరయు కాటన్ శిష్యవర్గములోనివాడే. ఆ కట్టడము ముసలిదైన పిమ్మట దాని ప్రక్కన కట్టిన క్రొత్త అక్విడక్టునకు అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట సముచితము. నీరు తెచ్చినవాని పనిని అన్నము పెట్టిన తల్లి పేరు కొనసాగించుచున్నది.

ధవళేశ్వరమునుండి తూర్పునకు బయలుదేఱిన ప్రధానకాలువ కడియము లాకుల కడకు వచ్చి శాఖలుగా విడిపోవుచున్నది. కడియము గతి మాఱినది ఈ కాలువతోనే. కాటన్‌కు కాలువ యనగా పొలమునకు నీరు మాత్రమే గాదు, దారి కూడ. ప్రతి కాలువను పడవ నడచుటకు తగిన లోతున తవ్వించి, ఎత్తు మాఱుచోట్ల లాకులు కట్టించెను. ధాన్యము, బెల్లము, కొబ్బరి, కలప కాకినాడకు పడవలపై పోయెను. ఎద్దుబండి వెలలో కొలది భాగమునకే పడవ సరకు చేర్చుచుండెను. పండినది అమ్ముడుపోనిచో పండి లాభమేమను రైతు ప్రశ్నకు ఆయన చెప్పిన బదులు అది. రోడ్లు, లారీలు వచ్చి పడవలను మాన్పించిన పిమ్మట లాకుల తలుపులు నీటి మట్టమును దిద్దుటకే మిగిలినవి.

1876-78లో దక్షిణదేశమును ధాత కరువు పట్టి లక్షలకొలది జనులను బలిగొన్నప్పుడు గోదావరి, కృష్ణా సంగమసీమలు తాము బ్రతుకుటయే గాక ఇతర జిల్లాలకు ధాన్యము పంపెను. పాతికయేండ్ల వ్యవధిలో ఒకే నేల కరువుసీమ యగుట మాని ధాన్యాగారమైనది. గోదావరిలో స్నానము చేయు వైదికులు సంకల్పమున ఆ ఆంగ్లేయుని పేరు చేర్చి తలచిరనుట ఈ కృతజ్ఞత ఫలమే.

ఇంతవఱకు చెప్పి విడిచినచో ఆయన జీవితము సగమే చెప్పినట్లగును. గోదావరిలో గెలిచిన పద్ధతిని కాటన్ దేశమంతట చాటబోయెను, అన్నిచోట్లను గెలువలేదు. తుంగభద్రనుండి కర్నూలు, కడప సీమలకు ఒక ప్రైవేటు సంఘము కాలువ త్రవ్వెను. దానికి ప్రేరణ కాటన్‌దే. సుంకేసుల కడ ఆనకట్ట కట్టి, కాలువను 1870 ప్రాంతమునకు ముగించిరి. కాని కాలువప్రక్కన నున్న నల్లరేగడి రైతులలో చాలమంది ఆ నీరు పుచ్చుకొనరైరి. రేగడి తనంతట తాను తేమను పట్టియుంచుకొనును. జొన్న, ప్రత్తి వానతోనే పండును. వానలు బాగున్న యేట డబ్బిచ్చి నీరు కొనవలసిన అగత్యము వారికి తోచలేదు. నీరెక్కువైన రేగడి ఉబ్బి చెడునను భయమును ఉండెను. సంఘము నష్టపడి, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనెను. ఒరిస్సాలో మహానదిపై మఱియొక సంఘమునకును ఇంచుమించు ఇదే గతి పట్టినది. గోదావరిపై పడవలను ఎగువ వార్ధావఱకు నడుపవలెనని దుమ్ముగూడెము కడ మొదలిడిన గొప్ప ప్రయత్నమును 1871లో ప్రభుత్వము మానివేసెను. ధవళేశ్వరమున నేల రూపమును ముందు చదివి, తర్వాత పని నిశ్చయించిన కాటన్, కర్నూలు విషయమున పనిని ముందు నిశ్చయించి, నేలను తర్వాత చూచెనని చెప్పక తప్పదు. ఆయన అభిమానులు ఈ మాటను సాధారణముగా దాటవేయుదురు. దాటవేయనక్కఱలేదు. అదే కాలువ పిమ్మట రాయలసీమకు ముఖ్యమైన ఆధారములలో ఒకటియైనది. కాని సేద్యపు తీరు, పంట, నీటిపన్ను ఆ నేలకు తగినట్లు అమరుటకు చాలకాలము పట్టినది.

1861లో సర్ బిరుదు పొంది, ఉద్యోగము విరమించి, స్వదేశమున నుండియు ఆయన భారతదేశపు నీటిని మఱువలేదు. రైలుమార్గములపై కోట్లు గ్రుమ్మరించుచు కాలువలకు కాసు విదల్చని నీతిని పార్లమెంటు సంఘముల ముందు ఖండించెను. ధాత కరువు తర్వాత 1878లో లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన కూర్చున్న సంఘము ఆయనను గట్టిగా నిలదీసెను. ఆయన లెక్కలలో అత్యుత్సాహమున్నదని వారి తీర్పు. కొంత ఉన్నది కూడ. కాని కరువు తిన్న జిల్లాలలో రైలున్నవియు ఉన్నవను ఆయన వాదమునకు వారు తగిన సమాధానము చెప్పలేకపోయిరి.

గోదావరి విషయమున కాటన్ ప్రణాళికకు రెండు చేతులుండెను: ఒకటి నీరు పెట్టునది, రెండవది మురుగు తీయునది. మొదటిదానిపై ఎప్పుడును శ్రద్ధ తఱుగలేదు. ఏలయన దానికి పన్ను వచ్చును. రెండవది వెనుకబడెను. సప్తగోదావరులలో నొకటిగా పురాణములు కీర్తించిన తుల్యభాగ, తూర్పుసీమలో నేడు మురుగుకాలువయై పాఱుచున్నది. పూడిక, గుఱ్ఱపుడెక్క, ఆక్రమణలు ఇట్టి కాలువలను మూసికొనిపోగా, కార్తికపు తుపానులలో కోతకు వచ్చిన చేలు మునుగుట మామూలైపోయినది. 1960లలో వరుస ముంపుల పిమ్మట మిత్రా సంఘము మురుగుకాలువల బాగుకు సిఫారసులు చేసెను. అయినను 2011లో కోనసీమ రైతులు పంటకు విరామము ప్రకటించినపుడు వారు చెప్పుకొన్న బాధలలో మురుగునీటి బాధ ఒకటి. ఆనకట్ట వయసు ముదిరి, దాని స్థానమున 1970లలో మొదలైన బరాజు 1980లలో వాడుకకు వచ్చెను. 1986 ఆగస్టు వరదలో ముప్పదియైదు లక్షల ఘనపుటడుగుల నీరు సెకనునకు దానిమీదుగా పోయినను అది నిలిచెను. కాటన్ పేరే దానికి పెట్టిరి. కాని ఎగువను మహారాష్ట్రలోను, తెలంగాణములోను జలాశయములు వెలసిన పిదప నది తెచ్చు ఒండ్రు మునుపటంత లేదు. పంట తీసికొనినది వరద తిరిగియిచ్చునను కాటన్ లెక్కలో జమవైపు తఱిగినది. రైతు బస్తాల ఎరువు కొని ఆ లోటు పూడ్చుకొనుచున్నాడు.

కడియము ప్రాంతమున ఈ లెక్క మఱియొక రూపము దాల్చినది. కాలువనీరు ఏడాదిలో చాలభాగము అందుట, భూగర్భజలము పైపైనే దొరకుట, గుల్లగానుండు నేల, వీనివలన వరిచేల నడుమ మొక్కల పెంపకము పుట్టి పెరిగినది. మొదట పండ్లమొక్కలు, పూలమొక్కలు. అంట్లు కట్టుట, గూటీలు పెట్టుట నేర్చిన చేతులు తరమునుండి తరమునకు వృద్ధియై, నేడు వేల యెకరములలో నారుమడులు విస్తరించి, దేశము నలుమూలలకు లారీలు పోవుచున్నవి. వరి పండించిన యెకరముకంటె మొక్కలు పెంచిన యెకరమున పని దొరకు చేతులు ఎక్కువ; స్త్రీలకు ఏడాది పొడుగునను కూలి గిట్టును. ఇది చిన్న మేలు గాదు. అయితే ఒక్కొక్క మొక్కతో దాని సంచిలోని మన్ను కూడ ఊరు దాటిపోవుచున్నది. ఆ మన్ను కొంత ఈ పొలములది. కొంత మెట్టనుండి బండ్లపై తెచ్చిన ఎఱ్ఱమన్ను. ఇటుక బట్టీలవారు తవ్వునది లంకల ఒండ్రు. ఇవ్వెచ్చటివైనను ఒకమాఱు పోయినవి వెనుకకు వచ్చునవి కావు. నీటి మీద పన్నున్నది, పొలము మీద శిస్తున్నది, తరలిపోవు మీగడమన్నుకు మాత్రము ఎవరి ఖాతాలోను పద్దు లేదు. దీనిని గుర్తించిన పెంపకందార్లు కొందఱు కోనసీమ కొబ్బరిపొట్టును, కంపోస్టును మన్నుకు బదులు కలుపుచున్నారు. దానివలన సంచి తేలికయగును, లారీ కిరాయి తగ్గును. లాభమును, నేలను ఒకేసారి కాపాడు మార్గము దొరకినచోట రైతు ఉపదేశము లేకయే దానిని పట్టుకొనును. కుంపిణీ డైరెక్టర్లకు శిస్తు చూపి ఆనకట్టకు అనుమతి తెచ్చిన కాటన్‌కు ఈ కిటుకు తెలియనిది కాదు.

కాటన్ కడపటి దినములు ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున గడచెను. ఎనుబది దాటిన పిమ్మట, నదులు చేతికందని ఆ ముదుసలి, ఇంటిచెంతనున్న తుండుభూమిని పట్టుకొనెను. గోధుమవేళ్లు పైపైని ఆగక లోతునకు దిగినచో పంట ఎంత పెరుగునో చూడవలెనని ఆయన కోరిక. నేలను మామూలు నాగలి పోవు లోతుకంటె చాల క్రిందివఱకు త్రవ్వించి, అడుగుమన్నునకు గాలి తగులనిచ్చి, విత్తనములను దూరదూరముగా నాటించి, ఒక్కొక్క దుబ్బునకు ఎన్ని పిలకలు, ఎన్ని వెన్నులు వచ్చునో లెక్కించుచుండెను. దేశములను తడుపజూచిన మనుష్యుడు చివరకు కొలది గజముల మన్నులో వంగి వెదకుట చూచినవారికి వింతగా తోచియుండవచ్చును. కడియము నారుమడులలో మడి గుల్లచేసి వేరుకు త్రోవ చూపు కూలివానికి అందు వింత యేమియు ఉండదు. ఆయన కుమార్తె లేడీ హోప్ వ్రాసి 1900లో వెలువరించిన తండ్రి జీవితచరిత్రమున ఈ సేద్యప్రయోగములకును చోటు దొరకినది.

1899 జూలై 24వ తేదీన, తొంబదియాఱేండ్లు నిండిన పిదప, ఆయన డార్కింగులో కన్నుమూసెను. అచ్చటి శ్మశానవాటికలోనే సమాధి చేసిరి. ధవళేశ్వరము కడ అది గోదావరికి ఎఱ్ఱనీరు దిగు కాలము. ఆనకట్టపై లస్కర్లు తూముల తలుపులెత్తి, క్రొత్త ఒండ్రుతో చిక్కబడిన నీటిని కాలువలలోనికి విడుచుచుండు దినములవి.